కథాపఠనం - రచనాభ్యాసం

ప్రతి సంవత్సరం మన కళాశాల వార్షిక సంచికకు వ్యాసాలు పంపవలసిందిగా ప్రకటన వెలువడగానే తెలుగు విభాగంవారమైన మా వద్దకు కొన్ని కాగితాల కట్టలు చేరుతాయి. వాటిని చదివేటప్పుడు మాకు ఒక విచిత్రమైన అనుభవం కలుగుతుంది. వ్రాసినవారు వేరు, తరగతులు వేరు, చేతివ్రాతలు వేరు. కాని వాక్యాలు మాత్రం ఒక్కటే. సంతను గురించి వ్రాసినా, పెండ్లిని గురించి వ్రాసినా, రంజాన్ పండుగను గురించి వ్రాసినా "కన్నుల పండువుగా ఉన్నది", "వర్ణనాతీతం", "చెప్పనలవి కాదు" అన్న మాటలే ఎదురవుతాయి. వర్ణనాతీతం అన్న మాట రాగానే వర్ణన ముగిసిపోతుంది. అక్కడినుండి చదివేవానికి చూడడానికి ఏమీ మిగలదు.

ఇది విద్యార్థుల సోమరితనం అని మేము అనుకోవడం లేదు. మన విద్యార్థులలో చాలామంది ఇంటిలో దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు. బజారులో, బస్సులో, మండీలో వారు మాట్లాడే తెలుగు ఎంతో చురుకైనది. బేరమాడడంలోనూ, చమత్కారంలోనూ ఎవరికీ తీసిపోనిది. అయితే కలం చేతికి రాగానే ఆ తెలుగు మాయమవుతుంది. దాని స్థానంలో గైడు పుస్తకంలోని తెలుగు వచ్చి కూర్చుంటుంది. పర్యవసానంగా పరీక్షలో వ్యాసరూప ప్రశ్నను వదిలివేస్తున్నారు. ఉపకార వేతనానికి అర్జీ వ్రాయవలసి వస్తే కలాన్ని పక్కవారి చేతికి ఇస్తున్నారు. తన కష్టాన్ని తాను చెప్పుకోలేక మరొకరిచేత చెప్పించుకోవడం కన్న పెద్ద లోటు చదువుకున్నవానికి మరేముంటుంది? ఈ లోటును తీర్చడానికి వ్యాకరణ పాఠాలు కొంతవరకు ఉపకరిస్తాయి. మంచి కథలు, నవలలు చదవడం అంతకంటె ఎక్కువగా ఉపకరిస్తుందని మా విశ్వాసం. అది ఎట్లా ఉపకరిస్తుందో, అందుకు ఎట్లా చదవాలో ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

కథలు కాలహరణమా?

కథల పుస్తకం చేతిలో కనబడితే పెద్దలు మందలించడం మన ఇండ్లలో సామాన్యం. కథ అబద్ధమని కొందరు, కాలహరణమని మరికొందరు అంటారు. కాని మన రెండు భాషలలోనూ నవల పుట్టింది బోధన కోసమే అన్న విషయం గుర్తుంచుకోదగినది. డిప్యూటీ నజీర్ అహ్మద్ 1869లో ప్రకటించిన "మిరాతుల్ ఉరూస్" తన ఇంటి ఆడపిల్లల చదువును మనసులో ఉంచుకొని వ్రాసిన పుస్తకం. అక్బరీ, అస్ఘరీ అనే అక్కచెల్లెండ్ర కథ ద్వారా ఆయన గృహజీవనాన్ని బోధించినాడు. దాదాపు అదే కాలంలో తెలుగునాట కందుకూరి వీరేశలింగంగారు "రాజశేఖర చరిత్రము" వ్రాసి, మూఢవిశ్వాసాల వలన, ఆడంబరాల వలన ఒక కుటుంబం ఏ విధంగా చితికిపోయిందో చూపినారు. నీతిని నేరుగా చెప్పడం కంటె ఒక ఇంటిలోకి తీసుకొనిపోయి చూపడం మేలని ఆ ఇద్దరూ గ్రహించినారు.

ప్రేమ్‌చంద్ బాల్యంలోని ఒక సంగతి విద్యార్థులకు మరీ ఆసక్తి కలిగిస్తుంది. సుమారు పదమూడేండ్ల వయసులో, గోరఖ్‌పూరులో చదువుకొంటున్నప్పుడు, ఆయనకు ఉర్దూ నవలల పిచ్చి పట్టింది. కొనడానికి డబ్బు లేదు. ఒక పుస్తకాల దుకాణంలో కూర్చొని చదివేవాడు. రోజంతా అక్కడే కూర్చోలేడు గనుక ఆ దుకాణంలోని ఇంగ్లీషు గైడ్లను, నోట్సులను తీసుకొనిపోయి తన బడిపిల్లలకు అమ్మిపెట్టి, అందుకు బదులుగా నవలలను ఇంటికి తెచ్చుకొనేవాడు. ఈ ముచ్చట ఆయనే తన తొలి రచనను గురించిన వ్యాసంలో చెప్పుకొన్నాడు. గైడ్లు ఇతరులకు అమ్మినాడు. నవలలు తాను చదివినాడు. ఎవరి పేరు నిలిచిందో వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో మరొక విశేషం ఉన్నది. ఆ బాలుడు "తిలిస్మె హోష్‌రుబా" వంటి మాయామంత్రాల గాథలను ఆవురావురుమని చదివినాడు. అయితే తాను మొట్టమొదట వ్రాసింది మాంత్రికుని కథ కాదు. తన ఇంటికి వస్తూపోతూ ఉండే మామ వరుస బంధువు ఒకరి ప్రణయభంగాన్ని గురించిన పరిహాస నాటకం అది. అంటే పఠనం ఆయనకు వ్రాయాలన్న కోరికను, కథ నడిపే ఒడుపును ఇచ్చింది. వ్రాయవలసిన విషయం మాత్రం ఇంటి ముంగిట దొరికింది. ఈ ఒక్క విషయాన్ని పట్టుకొంటే ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకొన్నది సగం తెలిసినట్లే.

మంచి కథ నేర్పేది ఏమి?

కథలు చదివితే మాటలు తెలుస్తాయని సాధారణంగా అంటారు. అది నిజమే గాని అసలు లాభం అది కాదు. వేయి విషయాలలో ఏది చెప్పాలి, ఏది చెప్పక విడిచిపెట్టాలి అన్న వివేకం అసలు లాభం.

ప్రేమ్‌చంద్ "ఈద్గాహ్" కథ ఉర్దూలోగాని, తెలుగు అనువాదంలోగాని మనలో చాలామంది చదివినదే. తల్లిదండ్రులు లేని హామిద్ జేబులో మూడు పైసలు ఉంటాయి. తోటి పిల్లలు బొమ్మలు, మిఠాయిలు కొనుక్కొంటారు. హామిద్ మాత్రం ఇనుప సామాను దుకాణం ముందు ఆగుతాడు. రొట్టెలు కాల్చేటప్పుడు అవ్వ అమీనా వేళ్లు కాలుతాయన్నది అతనికి గుర్తు వస్తుంది. దుకాణదారు ఆరు పైసలు చెప్పిన పట్టకారును బేరమాడి, తన మూడు పైసలకు కొంటాడు. ఆ పిల్లవాని ప్రేమ ఎంతటిదో చెప్పడానికి ఎన్ని విశేషణాలైనా వాడవచ్చు. రచయిత మూడు పైసలను, ఒక పట్టకారును మన ముందు పెట్టినాడు. కథ మూసిన తరువాత విశేషణాలు మరచిపోతాము, పట్టకారును మరువము.

ఇదే కొలతతో మన వ్రాతను చూసుకొందాము. తిరుపతిని గురించి వ్యాసం వ్రాయమంటే "తిరుపతి గొప్ప పుణ్యక్షేత్రము, ఇచ్చటికి అనేకమంది యాత్రికులు విచ్చేయుదురు" అని ప్రతివారూ వ్రాస్తారు. తిరుపతిని ఎన్నడూ చూడనివాడు కూడా వ్రాయగల వాక్యం అది. మనము ఇక్కడ ఉండేవారము. బస్టాండులో గుండ్ల మీద తడి ఆరని గంధంతో కూర్చున్న కుటుంబాన్ని చూస్తున్నాము. గుండు చేయించిన పసిబిడ్డ తలకు ఎండ తగలకుండా పైటకొంగు కప్పే తల్లిని చూస్తున్నాము. ఆ కొంగు కప్పడం ఒక్కటి వ్రాస్తే చాలు; భక్తి, ప్రయాణం, ఎండ, తల్లి మనసు నాలుగూ అందులో ఉన్నాయి. రోజూ కంటబడే విషయాన్ని మొదటిసారి చూసినట్లు చూడడం మంచి కథ మనకు అలవాటు చేస్తుంది.

మన నేలమీది ఇద్దరు కథకులు

ఇందుకు దూరప్రాంతాల ఉదాహరణలే అవసరం లేదు. 2022లో జిల్లాలు విడిపోకముందు చిత్తూరు జిల్లాగా ఉన్న ఈ ప్రాంతం గొప్ప కథకులను కన్నది. మధురాంతకం రాజారాం (1930-1999) పాకాల సమీపంలోని మొగరాలలో జన్మించి, దామలచెరువులో నివసించి, ఉపాధ్యాయవృత్తిలో ఉంటూ జీవితమంతా కథలు వ్రాసినారు. "మధురాంతకం రాజారాం కథలు" గ్రంథానికి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పల్లెటూరి బడిపంతులు, చిన్నరైతు, వయసు మళ్లినవారు ఆయన కథలలో మన పక్కింటివారి వలె కనబడతారు. ఆయన కథనంలోని భాష శిష్టమైనది. నింపాదిగా, సంయమనంతో నడుస్తుంది. కోపం వచ్చిన చోట కూడా గొంతు పెంచదు.

నామిని సుబ్రమణ్యంనాయుడుగారిదీ ఈ ప్రాంతమే. 1980 దశకంలో వెలువడిన ఆయన "పచ్చనాకు సాక్షిగా" చదివినవారికి మొదట వినబడేది తిరుపతి చుట్టుపక్కల పల్లెల మాట. వాక్యాలను ఆయన పుస్తక భాషలోకి మార్చలేదు. అమ్మ ఎట్లా మాట్లాడిందో అట్లాగే వ్రాసినారు. పాఠకుడు చదవడం లేదు, వింటున్నాడు అనిపిస్తుంది.

విద్యార్థులు ఈ ఇద్దరి పుస్తకాలను పక్కపక్కన పెట్టుకొని చదవాలని మా కోరిక. నేల ఒక్కటే, ఎండలు ఒక్కటే, మనుషులు ఇంచుమించు ఒక్కటే. శైలులు మాత్రం ఉత్తర దక్షిణాలు. ఒకరిది సత్యం, మరొకరిది అసత్యం అనలేము. దీనివలన తెలిసేది ఏమంటే మంచి శైలి అనేది ఎక్కడో తయారుగా ఉండి మనము ధరించే అంగరఖా కాదు. వ్రాసేవాడు తాను చూసినదాని పట్ల ఎంత నిజాయితీగా ఉన్నాడన్న దానినుండి శైలి పుడుతుంది.

చదివిన కథను విప్పి చూసే పద్ధతి కావాలన్నా మనము దూరం పోనక్కరలేదు. మదనపల్లెలో ఇంగ్లీషు అధ్యాపకుడుగా పనిచేసిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య (1937-2007) వ్రాసిన "కథాశిల్పం"కు 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. కథను ఎవరి దృష్టినుండి చెబుతున్నారు, వస్తువును ఎట్లా అమర్చినారు అన్న ప్రశ్నలను వేయడం ఆ పుస్తకం మనకు నేర్పుతుంది. గ్రంథాలయంలో దొరికితే విడిచిపెట్టవద్దు.

ఇంటిమాట, అనుకరణ

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మంచి రచయితను చదివిన కొత్తలో మన కలం ఆయన వలె నడవబోతుంది. నామినిని చదివిన విద్యార్థి మరుసటి వారం ప్రతి మాటనూ యాసలోకి విరిచి వ్రాస్తాడు. మంటోను చదివినవాడు చివరి వాక్యంలో పాఠకుని ఉలిక్కిపడేటట్లు చేయాలని తంటాలు పడతాడు. దీనికి సిగ్గుపడనవసరం లేదు. బిడ్డ మాటలు నేర్చేది అనుకరణతోనే. అయితే అక్కడే ఆగిపోరాదు. దీనికి మందు చదవడం మానివేయడం కాదు; ఒకరి తరువాత మరొకరిని చదవడం. నలుగురి గొంతులు విన్న తరువాత మన గొంతు మనకు తెలుస్తుంది.

ముఖ్యంగా ఉర్దూ మాట్లాడే ఇండ్లనుండి వచ్చిన విద్యార్థులు తమ ఇంటిమాటను తెలుగు వ్రాతకు అడ్డంకి అనుకొంటున్నారు. అది అడ్డంకి కాదు, మూలధనం. పొరుగున నెల్లూరు జిల్లా నుండి వచ్చిన మహమ్మద్ ఖదీర్‌బాబు "దర్గామిట్ట కతలు"లోనూ, కడప జిల్లాకు చెందిన వేంపల్లె షరీఫ్ "జుమ్మా"లోనూ ముస్లిం ఇండ్ల పిలుపులు, వంటలు, పండుగలు, చిన్నచిన్న అవమానాలు, అభిమానాలు తెలుగు కథలోకి సహజంగా నడచివచ్చినాయి. "జుమ్మా"కు 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆ ఇంటిమాటలను తీసివేసి ఉంటే ఆ కథలలో ప్రాణం ఉండేది కాదు.

అభ్యాస విధానం

చదవడం ఎట్లా? మేము తరగతిలో అనుసరించి ఫలితం చూసిన కొన్ని పద్ధతులను ఇక్కడ తెలియజేస్తున్నాము.

మొదటిది: కథను మొదటిసారి ఆనందం కోసమే చదవాలి. పెన్సిలు పట్టుకోరాదు. ఆనందించనివాడు నేర్చుకోలేడు.

రెండవది: అదే కథను మరునాడు మెల్లగా చదవాలి. మనసు కదలిన చోట ఆగాలి. అక్కడ రచయిత ఏమి చెప్పినాడు, ఏమి చెప్పలేదు అని ప్రశ్నించుకోవాలి. చాలాసార్లు చెప్పనిదే మనసును కదిలించి ఉంటుంది.

మూడవది: పుస్తకం మూసి, ఆ ఘట్టాన్ని మన మాటలలో ఒక పుట వ్రాయాలి. రెండు రోజులు ఆగి మూలంతో పోల్చుకోవాలి. అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్ బాల్యంలో "స్పెక్టేటర్" పత్రిక వ్యాసాలతో ఇట్లాగే సాధన చేసినట్లు తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. క్లుప్తంగా గుర్తులు వ్రాసుకొని, కొన్నాళ్లు పక్కన పెట్టి, తిరిగి తన మాటలలో వ్రాసి, మూలంతో సరిచూసి, తప్పులు దిద్దుకొనేవాడట. ఆయనకు గురువు లేడు. ఆ పోలికే గురువు.

నాలుగవది: ఉర్దూనుండి తెలుగులోకి, తెలుగునుండి ఉర్దూలోకి వారానికి ఒక పుట అనువదించాలి. సాదత్ హసన్ మంటో మెట్రిక్యులేషన్ పరీక్ష ఒకటికి రెండుసార్లు తప్పినవాడు. అమృత్‌సర్‌లో బారీ అలీగ్ అనే పత్రికా రచయిత ఆయన చేతికి ప్రపంచ సాహిత్యాన్ని ఇచ్చి అనువదింపజేసినాడు. మరణశిక్ష పడిన ఖైదీని గురించి ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో వ్రాసిన పుస్తకానికి మంటో చేసిన ఉర్దూ అనువాదం 1933లో వెలువడింది. మహాకథకుడైన మంటో మొదట అనువాదకుడు.

అనువాదం మన భాష గుట్టును మనకే తెలుపుతుంది. "ఆంఖ్ లగ్ గయీ" అని ఉర్దూ కథలో ఉన్నదనుకొందాము. మాటకు మాట పెట్టి "కన్ను తగిలింది" అని వ్రాస్తే తెలుగు పాఠకుడు దిష్టి తగిలిందనుకొని ఉప్పు మిరపకాయల కోసం వెదకుతాడు! "కునుకు పట్టింది" అన్నది మన పలుకుబడి. ఇటువంటి తేడాను ఒకసారి చేజేతులా పట్టుకొన్నవాడు పదాలను కాక భావాన్ని వ్రాయడం నేర్చుకొంటాడు. రెండు భాషలు తెలిసిన మన విద్యార్థులకు ఈ సాధన ఒకే భాష తెలిసినవారికి లేని వరం.

అయిదవది: కథ చదివిన వారంలోనే మన ఇంటిని గురించిగాని, వీధిని గురించిగాని పది వాక్యాలు వ్రాసి ఇంటిలో ఎవరికైనా వినిపించాలి. విన్నవారికి అర్థం కానిచోట వాక్యం కుంటుతున్నదని గ్రహించాలి.

ఒక విద్యార్థి వ్రాసిన పుట

ఈ పద్ధతుల ఫలితానికి ఒక నిదర్శనం చూపుతాము. మామిడి మండీలో పనిచేసే కూలీ కుమారుడు ఒకరు మాకు ఈ క్రింది వాక్యాలు వ్రాసి ఇచ్చినాడు.

"మా తండ్రిగారు మామిడి మండీలో కూలీగా పనిచేయుచున్నారు. వేసవికాలమందు మండీ మిక్కిలి రద్దీగా నుండును. ఆయన రేయింబవళ్లు కష్టపడి మమ్ములను పోషించుచున్నారు. ఆయన కష్టము వర్ణనాతీతము."

మేము తప్పులు దిద్దలేదు. దిద్దడానికి తప్పులు లేవు. "ఇంటిలో తండ్రిని ఏమని పిలుస్తావు?" అని మాత్రం అడిగినాము. "అబ్బా అంటాను సార్, అది తెలుగు కాదు కదా" అన్నాడు. "ఈద్గాహ్"ను మరొకసారి చదివి రమ్మని, హామిద్‌కు అవ్వ వేళ్లు గుర్తుకు వచ్చినట్లు తనకు అబ్బా అనగానే ఏమి గుర్తుకు వస్తుందో అది వ్రాయమని చెప్పినాము. పది రోజుల తరువాత తెచ్చిన పుట ఇది.

"వేసవి వచ్చిందంటే మా అబ్బా రాత్రి పన్నెండుకు గాని ఇంటికి రాడు. వాకిట్లోనే అంగీ విప్పి దండెం మీద వేస్తాడు. దాని నిండా మామిడి సొన మరకలు. ఎన్నిసార్లు ఉతికినా పోవు. సొన పడి ఆయన మెడమీద తోలు నల్లగా కమిలి ఉంటుంది. అమ్మీ కొబ్బరినూనె గిన్నె ఆయన పక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా లోపలికి పోతుంది. మా ఇంట్లో ఎవరమూ మామిడిపండు అడగము."

రెండు పుటలలోనూ విషయం ఒక్కటే. మొదటిదానిలో కష్టం అన్న మాట ఉన్నది, కష్టం కనబడదు. రెండవదానిలో ఆ మాట ఎక్కడా లేదు. ఈ వాక్యాలలో ఒక్కటి కూడా ప్రేమ్‌చంద్‌ది కాదు. అయినా ప్రేమ్‌చంద్‌ను చదవకుండా ఇవి వచ్చేవి కావు. పఠనం వలన రచన బాగుపడడమంటే ఇదే. తరువాత కొద్దినాళ్లకు ఆ విద్యార్థే ఉపకార వేతనానికి తన అర్జీ తానే వ్రాసుకొన్నాడు. అర్జీలో అలంకారాలు ఉండనక్కరలేదు. ఏది చెప్పాలో, ఎంత చెప్పాలో తెలియాలి. ఆ తెలివిడి అతనికి కథ ఇచ్చింది.

కళాశాల కమిటీవారికి మనవి

చివరగా కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన గ్రంథాలయంలో ఉర్దూ, తెలుగు కథల పుస్తకాలు రెండు బీరువాలలో ఉన్నాయి. పోతాయన్న భయంతో వాటికి తాళం వేసి ఉంచుతున్నారు. భయం సహేతుకమే. కాని తాళంలో ఉన్న పుస్తకం కూడా విద్యార్థికి పోయిన పుస్తకమే. వారానికి ఒక గంట ఆ బీరువాలు తెరిపించి, ఒక విద్యార్థినీ ఒక విద్యార్థీ బాధ్యులుగా ఉండి పుస్తకాలు ఇచ్చి పుచ్చుకొనే ఏర్పాటు చేయాలని కోరుతున్నాము. ఉర్దూ కథల పక్కనే వాటి తెలుగు అనువాదాలు, తెలుగు కథల పక్కనే వాటి ఉర్దూ అనువాదాలు దొరికినంతవరకు ఉంచితే మరీ మంచిది. ఇందుకు అయ్యే ఖర్చు స్వల్పం. సంవత్సరాంతాన నాలుగు పుస్తకాలు తగ్గవచ్చు. ఆ నష్టాన్ని లెక్కలో వ్రాసుకొని, తమ మాటలలో వ్రాయగల నలుగురు విద్యార్థులు పెరిగినారా అని కూడా లెక్క చూడవలసిందిగా మా మనవి.

మామిడి సొనను గురించి వ్రాసిన ఆ పుట ఈ సంచికలో పూర్తి రచనగా ఎందుకు లేదని మీరు అడుగవచ్చు. మేము అడిగినాము. "ఇంకొకసారి తిరగవ్రాయాలి సార్, అమ్మీని గురించి సరిగా రాలేదు" అని ఆ విద్యార్థి కాగితం వెనక్కు తీసుకొన్నాడు. వచ్చే సంవత్సరం సంచికలో అతనికి రెండు పుటలు కేటాయించి ఉంచినాము.